ఎకో కోసం రెండున్నర లక్షల అప్పా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. నెలకు చేతికి రూ.46,000 వస్తుంది. అద్దె, ఇంటి ఖర్చులకు రూ.21,000, ఊళ్లో అమ్మానాన్నలకు రూ.8,000, బైకు వాయిదాకు రూ.4,200 (ఇంకా 11 నెలలు), సిప్‌కు రూ.3,000 పోతాయి. బ్యాంకులో రూ.70,000 ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద రూ.18,000 బకాయి ఉంది, ఇంటి ఖర్చుల్లోంచే మినిమం కడుతున్నాను. మిత్రుల బ్యాండు పాటలను ఇంట్లో డబ్ రీమిక్సులు (పాటను విడదీసి, ప్రతిధ్వనులతో కొత్తగా మలచడం) చేస్తుంటాను. ల్యాప్‌టాప్, రెండు అవుట్‌పుట్‌ల సౌండ్ కార్డు, నాబ్‌లున్న చిన్న కీబోర్డు కంట్రోలర్, హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. రెండు నెలల తర్వాత తమ దగ్గర లైవ్‌గా చేయమని ఒక కేఫ్ వాళ్లు అడిగారు. రాత్రికి రూ.6,000 ఇస్తారట. 16 ఛానెళ్ల మిక్సర్ (ఒక్కో శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే బల్ల), టేప్ ఎకో (టేపు మీద ప్రతిధ్వని పుట్టించే యంత్రం), స్ప్రింగ్ రివర్బ్ (స్ప్రింగుతో శబ్దానికి గుంజాటన ఇచ్చేది), మానిటర్ స్పీకర్లు కలిపి రూ.2,60,000 అవుతున్నాయి. 16 శాతం వడ్డీతో 24 వాయిదాల్లో ఇప్పిస్తామని దుకాణం వాళ్లు అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోకండి. కేఫ్ వాళ్లకు మాత్రం సరేనని చెప్పండి.

ముందు అప్పు సంగతి. మీరు చెప్పిన ఖర్చులన్నీ పోగా నెలకు మిగిలేది రూ.9,800. ఈ అప్పుకు నెల వాయిదా సుమారు రూ.12,730 పడుతుంది. అంటే మొదటి నెలలోనే దాదాపు మూడు వేలు తక్కువ. ఆ మూడు వేలు ఎక్కడి నుంచి వస్తాయో ఊహించడం కష్టం కాదు, ఇప్పటికే బకాయి పెట్టిన ఆ కార్డు నుంచే. రెండేళ్లలో వడ్డీయే రూ.45,000 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. కేఫ్ ఇచ్చే ఆరు వేలలో ఆటోకు, తిండికి, సాయం వచ్చిన స్నేహితుడికి పోగా ఐదు వేలు మిగిలాయనుకుందాం. వాయిదా కట్టడానికే నెలకు రెండున్నర ప్రదర్శనలు కావాలి. మీ చేతిలో ఉన్నది ఒక్కటి, అదీ నోటిమాట మీద. వడ్డీ లేని వాయిదాలంటూ ఇంకో ఆశ చూపినా తొందరపడకండి. నగదు పెట్టి కొంటే దొరికే తగ్గింపు అక్కడ దొరకదు, అవి కార్డు వాయిదాలైతే లోపల దాచిన వడ్డీ మీద జీఎస్టీ కూడా మీ నెత్తినే పడుతుంది.

ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. బ్యాంకులో ఉన్న డబ్బుతో కార్డు బకాయి రూ.18,000 మొత్తం కట్టేయండి. నెలకు మూడున్నర శాతం చొప్పున చూసినా వడ్డీ రూ.630, దాని మీద జీఎస్టీ. ఇదే మొత్తానికి మీ పొదుపు ఖాతా ఏడాదికి ఇచ్చేదాన్ని ఈ కార్డు ఒక్క నెలలో లాగేస్తోంది. మినిమం కడుతున్నంత కాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ మొదలవుతుందని కూడా మరవకండి.

అప్పుడు రూ.52,000 మిగులుతాయి. అద్దె, ఇల్లు, అమ్మానాన్నలు, బైకు కలిపి మీకు నెలకు తప్పని ఖర్చు రూ.33,200. మూడు నెలలకు సరిపడా లక్ష రూపాయలు పక్కన ఉండాలి, మీ దగ్గర అందులో సగమే ఉంది. కాబట్టి ఆ రూ.52,000 ముట్టుకోవద్దు. ప్రదర్శనకు ముందు వచ్చే రెండు జీతాల్లో మిగిలేది సుమారు రూ.19,600. మీ స్టూడియో బడ్జెట్ అదే. సిప్ ఆపి ఇందులో కలపొద్దు.

ఇరవై వేలతో డబ్ ఏమిటని మీకు అనిపించవచ్చు. సినిమా డబ్బింగుతో సంబంధం లేని ఈ కళ గురించి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. రికార్డు చేసిన పాటలోని డ్రమ్స్, బాస్, గిటార్, గొంతులను విడదీసి, మిక్సర్ దగ్గర నిలబడి కొన్నింటిని ఆపుతూ, కొన్నింటిని ప్రతిధ్వనిలోకి తోస్తూ అప్పటికప్పుడు కొత్త పాటను తయారు చేయడమే డబ్. 1960ల చివర, 1970ల తొలి ఏళ్లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో పుట్టింది. దానికి రూపమిచ్చిన కింగ్ టబ్బీ రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మనిషి. వాటర్‌హౌస్ బస్తీలో, డ్రోమిలీ అవెన్యూలోని ఇంట్లోనే స్టూడియో పెట్టాడు. ఆయన మిక్సర్ కొత్తది కాదు. డైనమిక్ సౌండ్స్ అనే పెద్ద స్టూడియో వదిలించుకున్న ఎంసీఐ కంపెనీ పాత మిక్సర్‌ను కొని, తన చేత్తోనే దానికి మార్పులు చేసుకున్నాడు. మరో జమైకా డబ్ కళాకారుడు లీ పెర్రీ 1973లో ఇంటి పెరట్లో కట్టుకున్న బ్లాక్ ఆర్క్ స్టూడియోలో ఉన్నది నాలుగు ట్రాకుల టేప్ రికార్డరే. 1979లో లండన్‌లో మ్యాడ్ ప్రొఫెసర్ అనే డబ్ కళాకారుడు తన స్టూడియోను మొదలుపెట్టింది ఇంటి హాల్లో. ఖరీదైన పెద్ద స్టూడియోతో మొదలుపెట్టినవాళ్లు కాదు వీళ్లు.

ఇప్పుడు మీ బల్ల దగ్గరికి వద్దాం. ప్రతి ఛానెల్‌కూ ఆక్స్ సెండ్ నాబ్ (ఆ శబ్దంలో కొంత బయటి యంత్రానికి పంపేది) ఉన్న చిన్న అనలాగ్ మిక్సర్ ఒకటి, కనీసం నాలుగు ఛానెళ్లు వేరువేరుగా ఉన్నది, సెకండ్‌హ్యాండ్‌లో పది వేల లోపు వెతకండి. కొనేముందు అన్ని నాబ్‌లూ తిప్పి చూడండి, గరగరమనేది వద్దు. గిటారిస్టులు వాడే డిలే పెడల్ (శబ్దాన్ని కాస్త ఆగి మళ్లీ పలికించే ఎకో పెట్టె) ఒకటి, అదీ పాతదే, ఐదు వేల లోపు. కేబుళ్లకు రెండు వేలు. వాటిలో పిసినారితనం వద్దు, ప్రదర్శన మధ్యలో చచ్చేది ఎప్పుడూ కేబులే. మిగిలింది దాచుకోండి.

రెండే అవుట్‌పుట్‌లని బాధపడకండి. బాస్, కిక్ డ్రమ్ రెండింటినీ పూర్తిగా ఎడమవైపుకు పంపండి, స్నేర్, గిటార్, కీబోర్డు, గొంతు కుడివైపుకు. మిక్సర్‌లో ఆ రెండు ఛానెళ్ల ప్యాన్ (ఎడమ, కుడి స్పీకర్లకు పంచే నాబ్) మధ్యలో ఉంచండి. కుడి ఛానెల్ ఫేడర్ (శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) దించితే బాస్, కిక్ మాత్రమే మిగులుతాయి. డబ్‌లో శ్రోత ఎదురుచూసే ఘట్టం అదే. ఎడమ ఛానెల్ సెండ్‌ను మూసే ఉంచితే బాస్ ఎకోలోకి వెళ్లదు, శబ్దం బురద కాదు. గిటార్‌ను, గొంతును విడివిడిగా ఆపే పని మీ కంట్రోలర్ నాబ్‌లతో ల్యాప్‌టాప్‌లోనే చేయండి. కొన్ని సౌండ్ కార్డుల్లో హెడ్‌ఫోన్ రంధ్రం మరో జత అవుట్‌పుట్‌గా పనిచేస్తుంది. మీది అలాంటిదైతే ఖర్చు లేకుండానే నాలుగు దారులు దొరికినట్టు.

ఆక్స్ సెండ్ నుంచి వైరు పెడల్‌లోకి వెళ్లాలి, పెడల్ నుంచి మూడో ఛానెల్‌లోకి రావాలి. రిటర్న్ అని రాసి ఉన్న రంధ్రంలో పెట్టకండి. ఎకో మామూలు ఛానెల్‌లోకి వస్తే దానికీ ఒక సెండ్ నాబ్ ఉంటుంది. పల్లవి చివరి మాట దగ్గర కుడి ఛానెల్ సెండ్ తెరిచి మూసేయండి, ఫేడర్ దించేయండి. మాట పోయినా దాని ప్రతిధ్వని నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఎకో ఛానెల్ సొంత సెండ్‌ను పిసరంత తిప్పితే ప్రతిధ్వని తన మీద తానే పేరుకుంటూ ఉబ్బుతుంది. అది ఊళ పెట్టేలోపు వెనక్కి తిప్పాలి. లక్ష రూపాయల యంత్రం చేసేదీ ఇదే, నేర్చుకోవాల్సింది మాత్రం మీ వేళ్లే. నిమిషానికి 75 దెబ్బల పాటలో ఒక్కో దెబ్బకు 800 మిల్లీసెకన్లు. డిలేను అందులో ముప్పావు వంతుకు, అంటే 600కు, పెట్టి చూడండి. మిక్సర్ సిగ్నల్ గిటార్ పెడల్‌కు ఎక్కువవుతుంది కాబట్టి సెండ్ తక్కువలోనే ఉంచాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ నుంచి గుయ్యిమనే శబ్దం వస్తే ఆ రాత్రికి బ్యాటరీ మీద నడపండి.

టేప్ ఎకోను మాత్రం జాబితాలోంచి పూర్తిగా కొట్టేయండి. టేపు అరుగుతుంది, హెడ్లు తుడుస్తూ ఉండాలి, పాడైతే బాగుచేసేవాడి కోసం ఊళ్లు తిరగాలి. కొన్న ధర ఒక్కటే ఖర్చు కాని వస్తువు అది. స్ప్రింగ్ రివర్బ్‌ను ల్యాప్‌టాప్ ఇవ్వగలదు. మానిటర్ స్పీకర్లు అద్దె గదిలో వాల్యూమ్ పెంచలేక మూలన పడి ఉంటాయి.

ప్రదర్శన డబ్బు కోసం వేరే ఖాతా తెరవండి. వచ్చినదాంట్లో సగం అత్యవసర నిధికి, సగం సామానుకు. నాలుగు అంతకుమించి అవుట్‌పుట్‌లున్న సౌండ్ కార్డే మీ తర్వాతి కొనుగోలు కావాలి, అదీ ఆ ఖాతాలో సరిపడా డబ్బు చేరిన రోజున. బైకు వాయిదా అయిపోయాక ఆ రూ.4,200ను నిధి లక్షకు చేరేదాకా అందులోనే వేయండి.

మీ నియామక పత్రం ఒకసారి తీసి చదవండి. బయటి సంపాదనకు అనుమతి కావాలని రాసి ఉంటే ముందే అడిగి పెట్టుకోండి. కేఫ్ డబ్బు జీతం కిందికి రాదు, వృత్తి ఆదాయంగా చూపాలి. జీతగాళ్లు వేసే సులభమైన ఆదాయపు పన్ను ఫారం ఐటీఆర్-1 ఇక మీకు కుదరదు. దానికి ప్రతిఫలంగా చిన్న లాభమూ ఉంది. మామూలు పద్ధతిలో లెక్కలు రాస్తే, ఈ పనికి వాడే మిక్సర్, పెడల్ లాంటి సామాను మీద ఏడాదికి 15 శాతం దాకా తరుగుదలను (వాడకంతో తగ్గే విలువను) ఆ ఆదాయంలోంచి తీసేయవచ్చు. కాబట్టి పాత సామాను కొన్నా బిల్లో, కనీసం సంతకం చేసిన రసీదో తీసుకోండి. మిత్రుల బ్యాండు పాటలే అయినా వాళ్ల అనుమతి, వాటా ఎంతో కాగితం మీద ఉండాలి. జనం అడిగారని సినిమా పాట అసలు రికార్డింగును రీమిక్స్ చేయాలంటే ఆడియో కంపెనీ అనుమతి కావాలి, ఇప్పట్లో ఆ జోలికి వెళ్లకండి.

కేఫ్ వాళ్లతో తేదీ, మొత్తం, స్పీకర్లు ఎవరివి అన్న మూడూ మెసేజ్‌లో రాయించుకోండి, సగం ముందుగా అడగండి. పాత మిక్సర్ కొనడానికి వెళ్లేది ఆ సగం ఖాతాలో పడ్డాకే.