పారేసే గొట్టంలో ఇల్లు చూసినాయన

ప్రశ్న: మాది వరంగల్. ఆర్కిటెక్చర్ మూడో ఏడాది చదువుతున్నాను. కాగితంతో ఇళ్లు కట్టే జపాన్ ఆర్కిటెక్ట్ ఒకాయన ఉన్నారని మా సార్ చెప్పారు. నిజంగా కాగితమేనా? ఆ ఆలోచన ఎలా వచ్చింది?

జవాబు: నిజంగా కాగితమే. ఆయన పేరు షిగెరు బాన్, 1957లో టోక్యోలో పుట్టారు. బట్టల షాపులో గుడ్డ తాను మొత్తం అమ్ముడయ్యాక లోపల ఒక అట్ట గొట్టం మిగులుతుంది, చూసే ఉంటారు. ఆయన కట్టే స్తంభాలూ గోడలూ ఆ జాతి గొట్టాలే, కాకపోతే ఇంకా దళసరివి.

అమెరికాలో చదువుకుని వచ్చి, అనుభవం పెద్దగా లేకుండానే 1985లో టోక్యోలో సొంత ఆఫీసు పెట్టారు. మరుసటి ఏడాది, ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో మీద టోక్యోలోనే పెట్టిన ఎగ్జిబిషన్‌ను తీర్చిదిద్దే పని వచ్చింది. ఆల్టో పనితనం అంటేనే చెక్క. కానీ కొద్ది రోజుల్లో విప్పేసే దానికి అంత చెక్క తగలెయ్యడానికి బాన్‌కి మనసొప్పలేదు, పైగా డబ్బూ లేదు. దాంతో చెక్క బదులు అట్ట గొట్టాలు వాడి చూశారు. అనుకున్నదానికన్నా గట్టిగా ఉన్నాయి. ఇవి ఇంటి బరువు కూడా మోస్తాయా అని పరీక్షలు చేయిస్తూ పోయి, 1995లో యమనకా సరస్సు దగ్గర ప్రభుత్వ అనుమతితో శాశ్వతమైన కాగితపు ఇల్లే కట్టారు.

నాకు ఆయన మీద గౌరవం కలిగింది మాత్రం ఆ ఇంటి వల్ల కాదు, అదే ఏడాది జపాన్‌లోని కోబె నగరంలో చేసిన పని వల్ల. జనవరి 17న భూకంపం వచ్చి ఊళ్లో చాలా ఇళ్లు తగలబడ్డాయి. అక్కడ వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలు టకటోరి చర్చికి వెళ్తుండేవి, ఆ చర్చీ కాలిపోయింది. బాన్ వెళ్లి కాగితంతో చర్చి కడదామంటే, మంటల్లో అంతా పోగొట్టుకున్న ఫాదర్ నమ్మలేదు. ఎలా నమ్ముతారు! బాన్ వదల్లేదు, వారం వారం టోక్యో నుంచి రైలెక్కి వెళ్లేవారు. ముందు ప్లాస్టిక్ పట్టాల కింద ఉంటున్న ఆ కుటుంబాలకి ఇళ్లు కట్టారు: ఇసుక నింపిన బీరు క్రేట్లు పునాది, నిలబెట్టిన గొట్టాలు గోడలు, పైన టెంటు గుడ్డ. తర్వాత ఒక్కొక్కటి 5 మీటర్ల పొడవున్న 58 గొట్టాలతో చర్చి లేచింది, వాలంటీర్లే కట్టారు. మూడేళ్లు ఉంటే చాలనుకున్నది పదేళ్లు నిలిచింది. 2005లో విప్పి, 1999 భూకంపంలో దెబ్బతిన్న తైవాన్ పల్లె తావోమీకి పంపేశారు, 2008 నుంచి అక్కడ ఉంది.

ప్రశ్న: శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. మేం తుపానులు చూసినవాళ్లం. కాగితపు ఇల్లు వానకి నానిపోదా? అన్నీ పోగొట్టుకున్నవాళ్ల చేతిలో అట్ట పెట్టడం న్యాయమేనా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. గొట్టానికి నీరు పట్టని పూత వేస్తారు, గొట్టానికీ గొట్టానికీ మధ్య స్పాంజి టేపు అంటిస్తారు, కాబట్టి మామూలు వానకి నానదు. మీ తుపాను గాలికి అదే ఇల్లు తెచ్చి పెట్టండి అని మాత్రం నేను అనను, బాన్ కూడా ఒక ఊరి ఇంటిని ఇంకో ఊళ్లో ఉన్నదున్నట్టు దించరు. ఇక అట్టే ఎందుకంటారా, 1994లో ఆఫ్రికాలో రువాండా శరణార్థులకి టెంట్ల కోసం అల్యూమినియం రాడ్లు ఇస్తే, వాళ్లు వాటిని అమ్ముకుని చెట్లు నరికి గుంజలు పాతుకున్నారు. తప్పు వాళ్లది కాదు కదా, చేతిలో డబ్బు లేదు. బాన్ జెనీవా దాకా వెళ్లి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థను ఒప్పించి, అమ్ముకుంటే పెద్దగా ఏమీ రాని కాగితపు గొట్టాలతో షెల్టర్లు మొదలుపెట్టారు.

తుపాను రాత్రి స్కూలు గదుల్లో గడిపినవాళ్లకి ఇంకో సంగతి బాగా తెలుస్తుంది. చీర మార్చుకోవాలన్నా, బిడ్డకి పాలివ్వాలన్నా చాటు ఉండదు. 2011 సునామీ తర్వాత జపాన్‌లో వ్యాయామశాలల్లో తలదాచుకున్నవాళ్లకి బాన్ గొట్టాలతో చట్రం కట్టి, గుడ్డ తెరలు దించి, కుటుంబానికో గదిలా చేసిచ్చారు. 2022లో ఉక్రెయిన్ నుంచి పోలండ్‌కి పారిపోయి వచ్చినవాళ్లకీ ఇవే. మనకి అన్నిటికన్నా ముందు కావలసింది ఇదేనని నా అభిప్రాయం, ఖర్చూ పెద్దది కాదు.

ప్రశ్న: ఇలాంటివి మన దేశంలో ఏమైనా కట్టారా? కాగితం తప్ప వేరేవి కట్టరా? – గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కడతారు. ఫ్రాన్స్‌లోని మెట్స్‌లో పాంపిడూ మ్యూజియం చెక్క పైకప్పు ఆయనదే, జపాన్‌లోని ఒనగావాలో సునామీ బాధితులకి షిప్పింగ్ కంటైనర్లతో మూడంతస్తుల ఇళ్లూ ఆయనవే. 2014లో ఆర్కిటెక్ట్‌లకిచ్చే పెద్ద గౌరవం ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

మన దేశంలో అంటే, 2001 భూకంపం తర్వాత గుజరాత్‌లోని భుజ్‌లో కట్టారు. గోడలు కాగితపు గొట్టాలవే గానీ అక్కడ పునాదికి క్రేట్లు దొరకలేదు. కూలిన ఇళ్ల రాళ్లూ రద్దే పునాదిగా పోసి, పైన మట్టి అలికారు. కప్పుకి వెదురు బద్దలు వంచి, వాటి మీద అక్కడివాళ్లు అల్లిన చాప, దాని మీద ప్లాస్టిక్ పట్టా, మళ్లీ చాప. రెండు చివర్లా చాప సందుల్లోంచి గాలి ఆడేది కాబట్టి ఆడవాళ్లు లోపలే పొయ్యి వెలిగించుకునేవారు, ఆ పొగకి దోమలు కూడా రాలేదు.