కొత్తవాడ జంపఖానాల సైట్ చేయబోతున్న నా బిడ్డకు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి హనుమకొండ వచ్చేస్తున్నావట, సొంతంగా వెబ్‌సైట్లు చేసుకుంటావట. మొదటి పని కూడా దొరికిందని చెప్పింది. వరంగల్ కొత్తవాడ నేత కార్మికుల సంఘం జంపఖానాలు ఆన్‌లైన్‌లో అమ్మే సైట్ అట. మీ అమ్మ గొంతులో బాగా టెన్షన్ ఉంది. "నువ్వన్నా చెప్పక్కా, నీ మాటైతే వింటది" అంది. ఇదే ఊళ్లో ఇరవై ఏళ్లు ఇదే పని చేసుకుని బతికినదాన్ని, నీకు వద్దని ఏ నోటితో చెప్పను? వద్దనడానికి రాయడం లేదు. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఒకవైపు గుండె నిండిపోయింది, ఇంకోవైపు ఒకటే గుబులు. ఎదురుగా కూర్చుని చెప్తే సగం మర్చిపోతాను, అందుకని రాస్తున్నా.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తా. అడ్వాన్స్ తీసుకోకుండా పని మొదలుపెట్టకు. ఏమేం చేసిపెడతావో, ఏం చేయవో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ జాగా) వాళ్ల పేరు మీదే కొనిపించు. నీ పేరు మీద ఉంటే రేపు నీకు జ్వరమొచ్చినా వాళ్ల దుకాణం మూతపడుతుంది. సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య సమాచారం వేరేవాళ్లు చదవకుండా కాపాడే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్‌లో ఉచితంగా వస్తుంది, కానీ గడువు కొద్ది నెలలే, తనంతట తానే రెన్యూ అయ్యేలా పెట్టు. పాస్‌వర్డ్‌లు డైరీలో కాదు, బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ యాప్‌లో దాచు. కార్డు నంబర్లు నీ డేటాబేస్‌లో ఎప్పుడూ పెట్టకు, అది పేమెంట్ గేట్‌వే వాళ్లు చూసుకుంటారు.

కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ గురించి నీకు నేను చెప్పేదేముంది, కాలేజీలోనే నేర్చుకున్నావు. మేం పని మొదలుపెట్టినప్పుడు ఈ సుఖం లేదు. నోట్‌ప్యాడ్‌లో రాసి, ఫైళ్లు పంపే ఫైల్‌జిల్లాతో నేరుగా లైవ్ సర్వర్‌లోకి ఎక్కించేవాళ్లం. ఫోల్డర్‌లో "ఇండెక్స్ కొత్తది", "ఇండెక్స్ కొత్తది 2", "ఇండెక్స్ అసలైనది" అని వరుసగా పేర్లుండేవి, ఏది సైట్‌లో ఉందో ఎవరికీ తెలిసేది కాదు. గిట్ 2005లోనే వచ్చింది, నా చేతికి మాత్రం చాలా ఏళ్ల తర్వాత గానీ రాలేదు. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. డేటాబేస్ పాస్‌వర్డ్, గేట్‌వే కీ ఉన్న ఫైలు ఒక్కసారి కూడా కమిట్ చేయకు, అంటే గిట్‌లో భద్రపరచకు. తర్వాత డిలీట్ చేసినా పాత కమిట్‌లో అది అలాగే ఉంటుంది. పొరపాటున కోడ్‌ను ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్‌లోకి వెళ్లిందంటే దాన్ని దాచే ప్రయత్నం చేయకు, వెంటనే ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకో.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

2009 మిర్చి సీజన్. ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారు, అంటే కమీషన్ వ్యాపారి, తన లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలని నన్ను పిలిచాడు. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, రేటు. గుమస్తా ఎంట్రీ చేయగానే రైతుకు చిట్టీ ప్రింట్ కావాలి, లెక్క సర్వర్‌లో ఉండాలి. పీహెచ్‌పీ భాషలో రాసి, లెక్కలు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో దాచేలా పది రోజుల్లో చేసి ఇచ్చాను. టెస్ట్ చేయకుండా ఇవ్వలేదు బిడ్డా, యాభై ఎంట్రీలు కొట్టి చూశాను. కానీ ఆ యాభై పేర్లూ ఇంగ్లిష్‌లోనే కొట్టాను. ఏబీసీ, టెస్ట్, రమేష్, సురేష్. అన్నీ చక్కగా వచ్చాయి. గుమస్తా మాత్రం లేఖిని అనే టైపింగ్ సాధనంలో తెలుగులో టైప్ చేసి పేర్లు పెట్టేవాడు. రైతులు తమ పేరు తెలుగులో చూసుకోవాలని అలా చేయమని చెప్పింది కూడా నేనే.

చిట్టీలు తెలుగులో ముద్దుగా వచ్చాయి. అవి స్క్రీన్ మీద టైప్ చేసినదాని నుంచే ప్రింటయ్యేవి. మూడు మార్కెట్ రోజుల్లో 43 మంది రైతుల లెక్కలు ఎక్కాయి. వారం తర్వాత పైసలు ఇచ్చే రోజు గుమస్తా లిస్టు తీశాడు. పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు. ఊరు ఉండాల్సిన చోటా ప్రశ్నార్థకాలే. బస్తాలు, తూకం, రేటు అంకెలు గనుక ఒక్కటి కూడా చెడిపోలేదు. సరుకు ఎంతో తెలుసు, ఎవరిదో తెలియదు.

ఏం జరిగిందంటే, పేజీని, కనెక్షన్‌ని తెలుగు అక్షరాలు పట్టే యుటిఎఫ్8లో పెట్టాను, లెక్కలు దాచే టేబుల్‌ని మర్చిపోయాను. ఆ రోజుల్లో మైఎస్‌క్యూఎల్‌కు ప్రత్యేకంగా చెప్పకపోతే టేబుల్‌ను లాటిన్1లో తయారు చేసేది. అందులో తెలుగుకు చోటు లేదు. చోటు లేని ప్రతి అక్షరం దగ్గరా అది ఒక ప్రశ్నార్థకం పెట్టి, అసలు అక్షరాన్ని వదిలేస్తుంది. వదిలేసినదాన్ని ఏ టూల్‌తోనూ తిరిగి తేలేం. నేను రెండు రాత్రులు ప్రయత్నించాను. చివరికి ప్రశ్నార్థకాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కంప్యూటర్‌కు గుణింతం, పొల్లు అన్నీ విడివిడి అక్షరాలే కదా, నాలుగు గుర్తులుంటే రాజు కావచ్చు, అయిదుంటే ఐలయ్య కావచ్చు అని. మల్లయ్యకు ఏడు. సమ్మయ్యకూ ఏడే. అక్కడ నా చేతులు ఆగిపోయాయి.

చిట్టీ తెచ్చినవాళ్లకు తూకం సరిచూసి పైసలు ఇచ్చారు. కానీ "కంప్యూటర్ల ఉన్నది, చిట్టీతోటి పనిలేదు" అని గుమస్తా చెప్పడంతో చాలామంది దాన్ని ఎక్కడో పడేశారు. ఆ రోజు పదకొండు మంది ఖాళీ చేతులతో ఇంటికి పోయారు. ములుగు వైపు నుంచి, నర్సంపేట వైపు నుంచి బస్సు చార్జీలు పెట్టుకుని వచ్చినవాళ్లు. మీ పెద్దబాపు స్కూటర్ వెనక కూర్చుని నాలుగు రోజులు ఊళ్లు తిరిగాను. పరకాల వైపు ఒక ఊళ్లో ముసలవ్వ బియ్యం గుమ్మి అడుగు నుంచి చిట్టీ తీసి ఇచ్చింది. "చదువు రాదు బిడ్డా, కాయితం పోతే పంట పోయినట్టేనని దాచిన" అంది. తప్పు నాదేనని చెప్పాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, మక్క గట్క పెట్టి తినిపోమంది. ఆ ముద్ద గొంతు దిగలేదు.

చివరికి ఇద్దరు మిగిలారు, మల్లయ్య, సమ్మయ్య. ఇద్దరివీ పద్నాలుగేసి బస్తాలు, ఇద్దరి చిట్టీలూ పోయాయి. ఒక తూకం 5 క్వింటాళ్ల 60 కిలోలు, ఇంకోటి 5 క్వింటాళ్ల 92. ఏది ఎవరిదో వాళ్లకూ గుర్తు లేదు. ఇద్దరికీ పెద్ద తూకమే ఇప్పించి, ఆ 32 కిలోల మిర్చి పైసలు నేను కట్టాను. పైసల బాధ నెలలో తీరిపోయింది. ఆ పదకొండు మంది మార్కెట్ గేటు దాటి పోవడం మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అందుకే నీకు ఇంత వివరంగా చెప్తున్నా. ఇప్పుడు మైఎస్‌క్యూఎల్ మారింది. 2018లో వచ్చిన 8.0 నుంచి ఏమీ చెప్పకపోయినా ఎమోజీతో సహా అన్ని అక్షరాలూ పట్టే యుటిఎఫ్8ఎంబి4 వస్తుంది. మామూలుగా స్ట్రిక్ట్ మోడ్ కూడా ఉంటుంది గనుక చోటు లేని అక్షరం వస్తే ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. అయినా చవక హోస్టింగ్‌లలో పాత వెర్షన్లు, తీసేసిన స్ట్రిక్ట్ మోడ్‌లు నేను చూస్తూనే ఉన్నాను. టేబుల్ ఏ పద్ధతిలో తయారైందో షో క్రియేట్ టేబుల్ అని కొట్టి నీ కళ్లతో చూసుకో. ఒట్టి యుటిఎఫ్8 అని ఉంటే తెలుగు సరిపోతుంది, ఎమోజీ పట్టదు. కొనేవాళ్లు అడ్రస్ పక్కన కూడా దండం బొమ్మ పెడుతున్నారు ఇప్పుడు.

తెలుగుతో ఇంకా కొన్ని చిక్కులున్నాయి, ఇవి కోర్సుల్లో ఎవరూ చెప్పరు. శ్రీలక్ష్మి అనే పేరు మన కంటికి మూడు అక్షరాలు, కంప్యూటర్‌కు పదకొండు. పేరు పెట్టెకు ఇరవై అక్షరాల హద్దు పెడితే ఇంటిపేరుతో కలిపి రాసుకునేవాళ్లకు చాలదు. వంద పెట్టు, పోయేదేం లేదు. ఆర్డర్ అందిందని తెలుగులో ఎస్‌ఎంఎస్ పంపితే ఒక మెసేజ్‌లో 70 అక్షరాలే పడతాయి, ఇంగ్లిష్‌లోలా 160 కాదు. దాటితే రెండు మెసేజ్‌ల ఖర్చు సంఘం మీద పడుతుంది. "వెబ్‌సైట్" లాంటి మాటల మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, పొల్లు తర్వాతి అక్షరం కింద ఒత్తుగా మారకుండా ఆపడానికి. ఒకరు ఆ గుర్తుతో రాస్తారు, ఇంకొకరు లేకుండా. వెతుకుడు పెట్టెలో రెండూ దొరకాలంటే దాన్ని తీసేసి పోల్చాలి.

ఫాంట్‌కు గూగుల్ ఫాంట్స్‌లో మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ తీసుకో. రామభద్ర హెడింగ్‌లకే బాగుంటుంది, పేరాగ్రాఫ్‌కు పెడితే కళ్లు నొప్పి. లైన్ హైట్, అంటే వరుస ఎత్తు, 1.7 దాకా ఇవ్వు. ఇంగ్లిష్‌కు పెట్టిన 1.2 అలాగే ఉంచితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. బటన్‌లో అయితే ఒత్తు సగానికి తెగిపోతుంది. లెటర్ స్పేసింగ్ జోలికి పోకు.

ఇక ఫొటోలు. జంపఖానా అంటేనే రంగు, దారం. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దూరం నుంచి కొనేవాళ్లు నేత దగ్గరగా చూడాలనుకుంటారు. ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కోటి నాలుగైదు ఎంబీలుంటుంది, అలాగే ఎక్కించకు. ఫొటోల సైజు తగ్గించే స్క్వూష్‌లో పెట్టి వెబ్‌పీ అనే తేలిక ఫార్మాట్‌లోకి మార్చు. ఎడమ పక్క అసలుది, కుడి పక్క తగ్గించినది కనిపిస్తుంది. మధ్య గీతను జరుపుతూ ఎరుపు ఎరుపుగానే ఉందో లేదో చూడు. రెండు వందల కేబీ లోపు వస్తే చాలు. ట్యూబ్‌లైట్ కింద తీయొద్దు, పొద్దున వాకిట్లో పరిచి తీయమని వాళ్లకు చెప్పు. రంగు తేడా వచ్చిందంటే సరుకు వెనక్కి వస్తుంది, ఆ నష్టం మగ్గం దగ్గర కూర్చున్న మనిషిది.

బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్‌ను నెమ్మది చేసి చూడు, పేజీకి మార్కులు వేసే లైట్‌హౌస్ కూడా నడిపించు. అయితే అక్కడ పచ్చ రంగు వచ్చిందని లేచిపోకు. చౌరస్తాలో ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్ కొను, మూడు నాలుగు వేలలో వస్తుంది. దాన్ని తీసుకుని కొత్తవాడ పో. నేత పనిచేసే ఒక అమ్మ చేతికిచ్చి, "కొత్త సరుకు ఎక్కించమ్మా" అని పక్కన కూర్చో. నువ్వు నోరు తెరవకు, వేలు పెట్టి చూపించకు. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ నీ పేజీ తప్పు. బూడిద రంగు అక్షరాలు తెల్లటి మీద పెడుతున్నారు ఇప్పుడు, చూడటానికి నాజూగ్గా ఉంటుందని. వెలుగు తేడా 4.5కి 1 కన్నా తగ్గితే నాలాంటి కళ్లకు కనిపించదు. నా మాట మీద కాకపోయినా ఆ అంకె మీద నిలబడు.

బ్యాకప్. రోజూ రాత్రి డేటాబేస్ డంప్, అంటే మొత్తం నకలు, తీసి, ఆ సర్వర్‌లో కాకుండా వేరేచోట పెట్టు. నెలకొకసారి దాన్ని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి తెరిచి చూడు. తెరవని బ్యాకప్‌ను నేను బ్యాకప్ అని ఒప్పుకోను. డేటాబేస్‌లో అప్‌డేట్, డిలీట్ కొట్టే ముందు అదే షరతుతో సెలెక్ట్ కొట్టి ఎన్ని వరుసలు వస్తున్నాయో చూడు. శుక్రవారం సాయంత్రం లైవ్‌లోకి ఏదీ ఎక్కించకు. ఏఐతో కోడ్ రాయించుకుంటావని తెలుసు, రాయించుకో, కానీ నీకు అర్థం కాని ఒక్క లైను కూడా వాళ్ల సైట్‌లో ఉండకూడదు. రాత్రి రెండింటికి అది పాడైతే ఫోన్ వచ్చేది నీకే.

ఆ రాత్రి రెండింటి సంగతే నాకు ఎక్కువ భయం. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, పట్టుకున్నది అయ్యేదాకా తినవు. ఇంటర్ పరీక్షలప్పుడు కళ్లు తిరిగి పడ్డావు, గుర్తుందా? మీ అమ్మకు బీపీ పెరిగింది ఆ రోజే. నేనూ అలాగే చేశాను, నలభై ఏళ్లు రాకముందే మెడనొప్పి తెచ్చుకున్నాను. కుర్చీ మంచిది కొనుక్కో, మొదటి అడ్వాన్స్ నుంచే కొను. కోపం చేస్తున్నాననుకోకు. నువ్వు ఊళ్లోకి వస్తున్నావంటే నాకు ఎంత ధైర్యంగా ఉందో చెప్పలేను. ఇన్నేళ్లలో ఈ పని గురించి ఇంట్లో మాట్లాడటానికి నాకొక మనిషి ఉండటం ఇదే మొదలు.

ఆదివారం రా. పై గదిలో టేబుల్ ఖాళీ చేయించాను, ఇంటర్నెట్ కూడా ఉంది, మంచి జాగా దొరికేదాకా అక్కడే కూర్చుని చేసుకో. ఆ సీజన్‌లో ఊళ్లు తిరిగి రాసుకున్న నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది, 43 పేర్లూ, ఊళ్లూ. పాత సంతకాలు, సగం చెరిగిన పెన్సిల్ రాతలు. నీ ఫారం తయారయ్యాక ముందుగా అవే ఎక్కించు. సేవ్ చేసి, సర్వర్ ఆపి, మళ్లీ మొదలుపెట్టి, లిస్టు తీసి నాకు చూపించు. ఒక్కో పేరూ నేను చదువుతాను, నువ్వు నోట్‌బుక్‌లో టిక్ పెట్టు.

మీ పెద్దమ్మ