మూత పట్టుకో, బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. అరగంట సేపు ఏవేవో మాట్లాడి, పెట్టేసే ముందు మెల్లిగా విషయం చెప్పింది. వచ్చే నెల మొదటి ఆదివారం నువ్వు ఇరవై మందిని టీకి పిలిచావట. సామానంతా నువ్వే కొంటావట, ఎవరి సాయమూ అక్కర్లేదన్నావట. వినగానే నవ్వొచ్చింది. తాగిన కప్పు కడగమంటే పదిసార్లు తప్పించుకున్న పిల్లవి నువ్వేనా అని. తర్వాత గర్వంగా అనిపించింది. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. ఉత్తరం కాస్త పెద్దదే, టీ పెట్టుకుని కూర్చో.

ముందు తేలికైనవి. కప్పులు ఇరవై కాదు, ఇరవై నాలుగు తీసుకో. ఒకటి పగులుతుంది, ఇంకొకటి ఎవరో కిటికీలో పెట్టి మర్చిపోతారు. పంచదార గిన్నెలు రెండు, పాల జగ్గులు రెండు, టేబుల్‌కి ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి. ట్రేలు అంచు లేచినవి చూసుకో, తడిపి పిండిన గుడ్డ ఒకటి అందులో పరిస్తే కప్పులు జారవు. అన్నీ ఒకే సెట్టువి ఉండాలన్న పంతం వద్దు. మీ అమ్మవి ఆరు, నావి ఆరు కలిపినా ఎవరూ లెక్కపెట్టరు.

ప్లేట్లు చిన్నవి చాలు. నిలబడి మాట్లాడేవాళ్ళకి ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో కప్పు, ఇక తినడానికి చెయ్యేది? అందుకని ప్లేట్ల కంటే కప్పు దించుకోవడానికి చోటు ముఖ్యం. స్టూళ్ళు, చిన్న బల్లలు, పుస్తకాల అర ఖాళీ చేసి అదైనా సరే.

కప్పు కొనేటప్పుడు పిడిలో వేలు పెట్టి చూడు. నీ సన్నటి వేలు దూరితే చాలదు. వచ్చేవాళ్ళలో కీళ్ళ నొప్పులవాళ్ళుంటారు, లావు వేళ్ళవాళ్ళుంటారు, చెయ్యి వణికేవాళ్ళు ఒకరైనా ఉంటారు. వీలైతే నీళ్ళు నింపి ఎత్తి చూడు, ఖాళీ కప్పు ఎవరికైనా తేలికే. 150 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టేది సరిపోతుంది. 300 పట్టే మగ్గులు నువ్వు ఆఫీసులో వాడుకో. వాటిలో సగం టీ కబుర్లలోనే చల్లారిపోతుంది. కప్పుని గోటితో కొట్టి చూడు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే కంటికి కనపడని పగులు ఉందనుకో.

బోన్ చైనా మోజు నీకుందని తెలుసు. పల్చగా ఉంటుంది, కప్పు వెనక ఫోన్ లైటు పెడితే నీ వేళ్ళ నీడ ఇవతలికి కనిపిస్తుంది, పల్చగా ఉన్నా గట్టిది. కాకపోతే పేరులోనే ఉంది చూడు, అందులో నిజంగానే పశువుల ఎముకల బూడిద కలుపుతారు, దాదాపు మూడోవంతు నుంచి సగం దాకా. పట్టింపు ఉన్న అతిథులుంటే వాళ్ళకి మామూలు పింగాణీ కప్పులో ఇవ్వు. బంగారు అంచు ఉన్న కప్పుని మైక్రోవేవ్‌లో పెట్టకు, నిప్పురవ్వలు లేస్తాయి. పాత సామాను దుకాణాల్లో దొరికే రంగురంగుల కప్పులు గోడమీద పెట్టుకోవడానికే. పాత మెరుగుల్లో సీసం ఉండొచ్చు. నిమ్మకాయ పిండిన టీ పోస్తే అది టీలోకి దిగుతుంది.

ఇప్పుడు నీళ్ళ లెక్క. దీన్ని ఎవరూ వెయ్యరు. ఇరవై మంది, మనిషికి రెండు కప్పులు, కప్పుకి 150 మిల్లీలీటర్లు. ఆరు లీటర్లు! ఇంట్లో ఉండే ఎలక్ట్రిక్ కెటిల్ లీటరున్నర, మహా అయితే లీటరూ ముప్పావు పడుతుంది. అంటే నాలుగుసార్లు కాచాలి. ఆ మధ్యలో నువ్వు నవ్వుతూ కాలక్షేపం చెయ్యాలి. అందుకే ముందే పెద్ద గిన్నెలో కాచి రెండు మంచి స్టీలు ఫ్లాస్కుల్లో పోసి ఉంచు. ఆ ఫ్లాస్కుల్లో ఎప్పుడూ కాఫీ పోసి ఉండకూడదు. వంటసోడా వేసి రాత్రంతా నానబెట్టినా ఆ వాసన మొండిది.

ఇక టీపాట్. నాకు నిద్ర పట్టనిది దీని గురించే.

మా పెళ్ళయిన రెండో ఏడు. మీ పెద్దనాన్న ఆఫీసు వాళ్ళని పన్నెండు మందిని టీకి పిలిచాం. అప్పటికి నేను టీపాట్‌ని దుకాణం అద్దం వెనక తప్ప చూడలేదు. తెల్లటి పింగాణీది ఒకటి కొన్నాను. గుండ్రటి పొట్ట, మూత మీద పట్టుకోవడానికి బొడిపెగా చిన్న పిట్ట. ఆ పిట్టని చూసే కొన్నాను. మూతకి అడుగున నాలుకలా ఒక ముక్క ఉండాలని, పాట్ వంచినప్పుడు అది లోపలి అంచుకి తగులుకుని మూత జారకుండా ఆపుతుందని నాకు తెలీదు. నా పిట్ట మూతకి అది లేదు. వారం రోజులు రోజూ తుడిచి పెట్టుకున్నాను గాని ఒక్కసారైనా నీళ్ళు పోసి ఒంపి చూడలేదు. మరక పడుతుందని భయం.

మీ అమ్మకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు, సెలవులకి మా ఇంటికొచ్చింది. నేను చీర నలగకుండా కూర్చుని గొప్పగా కబుర్లు చెబుతున్నాను, తను టీ పోస్తోంది. ఆరు కప్పులు బాగానే పోసింది. పాట్ ఖాళీ అవుతున్న కొద్దీ ఇంకా వంచాలి కదా? ఏడో కప్పు దగ్గర మూత జారింది. దాని వెనకే ఉన్న టీ అంతా కొమ్ములోంచి కాకుండా పై నోట్లోంచి ఒక్కసారిగా దూకింది, కప్పు పట్టుకున్న ఎడమ చేతి మీద. ఆ పిల్ల పాట్ వదల్లేదు బుజ్జీ. చెయ్యి కాలుతుంటేనే దాన్ని టేబుల్ మీద సరిగ్గా దించి, అప్పుడు అరిచింది.

నేను పరిగెత్తుకెళ్ళి మొదట ఏమన్నానో తెలుసా? "పిట్ట విరిగిందా?" అన్నాను.

తర్వాత కాలిన చోట టూత్‌పేస్టు పూశాను, అదొకటి. మీ అమ్మ మణికట్టు మీది మచ్చని చిన్నప్పుడు నువ్వు వేలితో రాస్తూ "ఇదేంటమ్మా" అని అడిగేదానివి. "నూనె చిందిందిలే" అనేది తను. ఎన్నోసార్లు నేను పక్కనే కూర్చుని విన్నాను. ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

కాబట్టి పాట్ కొనేటప్పుడు నేను చెప్పినవి చూడు, నవ్వకు. మూతకి నాలుక ఉందా? మూత మీద చిన్న రంధ్రం ఉందా? గాలి లోపలికి పోకపోతే టీ ధారగా రాదు, గుటకలు గుటకలుగా పడి చిందుతుంది. కొమ్ము చివర పాట్ అంచుకి సమానంగానైనా, పైకైనా ఉండాలి. కిందికుంటే నిండా పోసే లోపే అక్కడి నుంచి కారిపోతుంది. కొమ్ము పెదవి పదునుగా ఉన్నది తీసుకో. మొద్దుగా గుండ్రంగా ఉంటే ధార ఆపినప్పుడల్లా చుక్క వెనక్కి పాకి టేబుల్ మీద పడుతుంది. పిడిలో నాలుగు వేళ్ళూ పట్టాలి, వేళ్ళ కణుపులు వేడి పొట్టకి తగలకూడదు. స్టీలు పాట్ అయితే పిడి వేడెక్కుతుందో లేదో మరుగుతున్న నీళ్ళు పోసి తేల్చుకో. లీటరు పాట్‌లో ఆరు కప్పులు వస్తాయి. రెండు లీటర్లది ఒకటి కొనే బదులు లీటరువి రెండు కొను, నిండితే పెద్దది ఒంటిచేత్తో లేవదు. ఆకు వేసే జాలి బయటికి తీసే వీలున్నది అయితే మేలు. మామూలు టీ మూడు నుంచి అయిదు నిమిషాల్లో దిగుతుంది, ఆపైన ఆకు అందులోనే ఉంటే చేదు. గ్రీన్ టీ తాగేవాళ్ళకి మరిగే నీళ్ళు పొయ్యకు, 80 డిగ్రీలకి దిగనివ్వు.

ఇంటికి తెచ్చిన రోజే నిండా నీళ్ళు పోసి, ఆఖరి చుక్క దాకా ఒంపి చూడు. సగం దాకా ఒంపి బాగుందనుకోకు. పార్టీలో మాత్రం ఎంత మంచి మూత అయినా రెండో చేత్తో చిన్న గుడ్డ వేసి పట్టుకునే ఒంపు, కప్పు టేబుల్ మీదే ఉండనీ. చేతిలో ఉన్న కప్పులో ఎవరికీ పొయ్యకు.

నా భయాలు నీకు చాదస్తంగా ఉంటాయి. 60 డిగ్రీల నీళ్ళు చాలు, అయిదారు సెకన్లలో చర్మం లోతుగా కాలడానికి. పాట్‌లో టీ అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. చంటిపిల్లల్ని తీసుకొచ్చేవాళ్ళు ఉంటారని విన్నాను. అంచులు వేలాడే టేబుల్ క్లాత్ వద్దే వద్దు, నడిచే పిల్లవాడి చేతికి ముందు దొరికేది అదే. మధ్యలో పొడుగు గుడ్డ ఒకటి పరుచుకో. కెటిల్ వైరు గోడవైపే ఉండాలి. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి రెండు కెటిల్స్ పెట్టకు, ఒక్కోటి 1500 వాట్లు, పైనే లాగుతుంది. పొరపాటున ఎవరికైనా కాలితే గాజులూ ఉంగరాలూ వెంటనే తీసేసి, 20 నిమిషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టు. ఐసు వద్దు, పేస్టు వద్దు. పెద్దగా కాలితే నీళ్ళ తర్వాత డాక్టరు.

ఆదివారం మూడింటికే వచ్చేస్తాను. నన్ను సోఫాలో కూర్చోబెట్టి మర్యాదలు చెయ్యకు, కెటిల్ దగ్గర నిలబడతాను. మీ అమ్మ ట్రే అందుకుంటే లాక్కో. తన కప్పులో టీ నేనే పోస్తాను. పంచదార ఒకటిన్నర చెంచా అంటుంది, రెండు వెయ్యాలి.

నీ
పెద్దమ్మ

తా.క. పిట్ట విరగలేదు. పాట్ ఎప్పుడో పోయింది గాని ఆ మూత ఇంకా నా గూట్లోనే ఉంది.