అరవై దాటాక కూడా ఏటా పార్టీ ఆగకూడదంటే

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

ఒకే స్నేహితుల గుంపును ఇన్నేళ్లుగా, ఏడాది తప్పకుండా ఇంటికి పిలిచి కూర్చోబెట్టావు. ఇప్పుడు నీకూ అరవై దాటాయి, వచ్చేవాళ్లకూ దాటాయి. ఇంకెన్నాళ్లు చేయగలనని అడిగావు. చాలా ఏళ్లు చేయగలవు. నలభై ఏళ్లప్పటిలాగే చేయాలని పట్టుబడితే మాత్రం రెండు మూడేళ్లలో ఆగిపోతుంది. ఇలాంటివి ఆగిపోయే తీరు ఎక్కడైనా ఒకటే. ఒక ఏడాది పిలిచినవాళ్ల నడుం పట్టేస్తుంది, మరుసటి ఏడాది "ఈసారికి వద్దులే" అంటారు, ఆ పై ఏడాది ఎవరూ ఆ ఊసే ఎత్తరు. అందుకని ఒళ్లు మొరాయించకముందే, ఏటా ఒక పని నీ చేతిలోంచి తీసి ఇంకొకరి చేతిలో పెట్టు. వాళ్లొచ్చేది కబుర్ల కోసం. కబుర్లకు అవసరమైనదేదీ తగ్గించకు. మిగతావి ఎంత తగ్గించినా ఎవరూ ఏమీ అనుకోరు.

ముందు తేదీ సంగతి. "ఫలానా నెలలో రెండో శనివారం" అని ఒకసారి ఖాయం చేసి ఇక మార్చకు. పదిహేను మందికీ కుదిరే రోజు వెతికితే ఏ రోజూ దొరకదు. ఒకరి కోసం జరిపితే ఇంకో ఇద్దరు జారిపోతారు. తేదీ కదలకపోతే ఈసారి రాలేనివాళ్లు వచ్చే ఏటికి ముందే సర్దుకుంటారు. మరీ ఎండ, మరీ చలి లేని నెల చూసుకో. వయసు మీదపడ్డాక ఒంటికి వేడినీ చలినీ తట్టుకునే శక్తి తగ్గుతుంది, దాహం వేస్తున్నట్టు కూడా సరిగ్గా తెలియదు.

రాత్రి పార్టీ మానెయ్యి. ఉదయం 11 గంటలకు మొదలుపెట్టి సాయంత్రం 4కి ముగించు, 4కి ముగుస్తుందన్న మాట పిలుపులోనే రాయి. ఎదురొచ్చే బండి లైటుకు చెదిరిన కన్ను మళ్లీ చీకటికి అలవాటుపడటానికి పెద్ద వయసులో ఎక్కువసేపు పడుతుంది. అందుకని రాత్రిపూట బండి నడపడం చాలామంది మానేస్తారు, ఆ మాట పైకి చెప్పలేక "ఆ రోజు వేరే పనుంది" అంటారు. పగటికి మారిస్తే అలాంటి ఇద్దరు ముగ్గురు తిరిగొస్తారు. భోజనం వేళ 12:30 అన్నావంటే 12:30కి పళ్లేలు ముందుండాలి. షుగర్ మాత్ర వేసుకునో, ఇన్సులిన్ చేసుకునో వచ్చినవాళ్లకు గంట ఆలస్యమైతే చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, తికమక మొదలవ్వొచ్చు. పండ్లరసమో, చక్కెర కలిపిన నీళ్లో ఒక సీసా చేతికందేచోట పెట్టుకో.

పిలుపు మూడుసార్లు వెళ్లాలి. ఎనిమిది వారాల ముందు వాట్సాప్‌లో తేదీ, మూడు వారాల ముందు ఒక్కొక్కరికీ ఫోన్, మూడు రోజుల ముందు ఎవరు ఎవరి బండిలో వస్తున్నారో తేల్చే మెసేజ్. ఫోన్‌లో "మెట్లు ఎక్కగలవా?" అని అడక్కు, ఎక్కలేనివాళ్లు కూడా ఎక్కగలమనే అంటారు. ఉన్నదున్నట్టు నువ్వే చెప్పు: "గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి, రెయిలింగ్ కుడివైపు ఉంది, బాత్‌రూమ్ కిందే ఉంది." ఇంత చెబితే వచ్చేదీ రానిదీ వాళ్లే తేల్చుకుంటారు, ఎవరి మనసూ చిన్నబోదు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ వినికిడి మీద పెట్టు. వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలు వినే శక్తి. అచ్చులు బాగానే వినబడతాయి, క, త, ప, స లాంటి హల్లులు జారిపోతాయి. గొంతు వినిపిస్తుంది కానీ, ఎదుటివాళ్లు "కాళ్లు" అన్నారో "తాళ్లు" అన్నారో తెలియదు. అరిచి చెబితే అచ్చులే పెద్దవవుతాయి తప్ప హల్లులు తేటపడవు. రెండుసార్లు "ఆఁ?" అని అడిగినవాళ్లు మూడోసారి అడగరు. నవ్వి ఊరుకుంటారు. ఆ తర్వాత ఇక మాట్లాడరు. పైఏడు రారు. గదిలో పది మంది ఉండి ఒక్కరు అలా మౌనంగా నవ్వుతూ కనిపిస్తే, అక్కడ ఏదో సరిగ్గా లేదని అర్థం చేసుకో.

దీనికి ఖర్చేమీ కాదు. బల్లకు ఆరుగురికి మించి కూర్చోబెట్టకు, బల్ల గుండ్రంగానో చదరంగానో ఉంటే మేలు. పొడవాటి బల్ల దగ్గర ఎవరికైనా పక్కవాళ్లు తప్ప ఇంకెవరూ వినబడరు. పాటలు పెట్టకు. గదిలో ఒక చప్పుడు మొదలైతే దాని మీద అందరూ గొంతు పెంచుతారు, ఆ గొంతుల మీద ఇంకొకరు పెంచుతారు. పాటలు కావాలంటే వచ్చేటప్పుడు అరగంట చాలు. నున్నటి నేల, ఖాళీ గోడలు, అద్దాల కిటికీలు ఉన్న గది మోగుతుంది. కర్టెన్లు దించు, బల్లమీద మందపాటి గుడ్డ పరువు, గోడవారగా ఓ దుప్పటి వేలాడదీసినా తేడా తెలుస్తుంది. వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్లను వెనక గోడ ఉండేచోట, వంటింటికి దూరంగా కూర్చోబెట్టు. ఆ మిషన్ మాటతోపాటు గిన్నెల చప్పుడునూ పెంచుతుంది. ఒక చెవి బాగా వినబడేవాళ్లయితే ఆ చెవి మనుషుల వైపు ఉండాలి. మాట్లాడేవాళ్ల వీపు కిటికీ వైపు ఉంటే ముఖం నల్లగా కనబడుతుంది, పెదాల కదలిక అందదు. వెలుగు ముఖం మీద పడేలా బల్ల తిప్పు. ముందురోజు సాయంత్రం ఫ్యాన్ వేసి, నువ్వొక కుర్చీలో కూర్చుని, ఎదురు కుర్చీలోంచి మరదల్ని మామూలు గొంతుతో పేపర్ చదవమను. రెండు వాక్యాల్లో ఒక్క మాట తప్పినా బల్ల చోటు మార్చు.

కుర్చీలన్నీ చేతులున్నవే కావాలి. సీటు నేల నుంచి 45 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, కూర్చుంటే దిగిపోకూడదు. మెత్తటి సోఫాలో కూరుకుపోయినవాళ్లు లేవలేక, సాయం అడగలేక నీళ్లు కూడా తాగకుండా కూర్చుంటారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుకోవడానికి ఒక కుర్చీ వెయ్యి. ఒంటికాలి మీద నిలబడి చెప్పు లాగుతున్నప్పుడే చాలామంది తూలేది. చిన్న తివాచీలు, గుమ్మం పట్టాలు, నేలమీది వైర్లు అన్నీ ఆ ఒక్కరోజుకు తీసి లోపల పెట్టు. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల కంటికి చేరేదాంట్లో దాదాపు మూడోవంతే. పగలైనా సరే నడవాలోనూ బాత్‌రూమ్‌లోనూ లైట్లు వేసి ఉంచు. మెట్ల అంచులకు, మెట్టు రంగులో కలిసిపోని టేపు రెండంగుళాల వెడల్పున అంటించు. బాత్‌రూమ్ నేల తడి తుడిచే పని ఒకరికి అప్పజెప్పు, బయట నుంచి తీయగలిగే గడియ ఉంటే మరీ మంచిది.

వంటల సంఖ్య సగం చెయ్యి. ఎక్కువ రకాలు చేస్తే వండేవాళ్లు అలిసిపోతారు, తినేవాళ్లు రుచి చూసి వదిలేస్తారు. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకో. వండినది వేడిగా ఉండాల్సిందైతే 60 డిగ్రీల పైన, చల్లగా ఉండాల్సిందైతే 5 డిగ్రీల లోపు. ఈ రెంటి మధ్య రెండు గంటలు దాటి ఉంటే పారెయ్యాల్సిందే. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. కుర్రతనంలో ఒక్కరోజు కడుపునొప్పితో పోయేది, అరవై అయిదు దాటినవాళ్లను ఆసుపత్రికి పంపుతుంది. రోగనిరోధక శక్తీ తగ్గుతుంది, కడుపులో క్రిముల్ని చంపే ఆమ్లం కూడా, ముఖ్యంగా గ్యాస్ మాత్రలు వాడేవాళ్లకు, తక్కువగా ఉంటుంది. మళ్లీ వేడిచేస్తే లోపలిదాకా పొగలు రావాలి. మిగిలింది లోతు గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టకు, రెండంగుళాలకు మించని లోతున్న పళ్లేల్లోకి సర్దు. లోతు గిన్నె మధ్యలో గంటల తరబడి వేడి అలాగే ఉండిపోతుంది.

వరసలో నిలబడి వడ్డించుకునే పద్ధతి కూడా మానిపించు. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో పళ్లెం ఉన్న మనిషి గరిట ఏ చేత్తో పట్టుకోవాలి? అందరినీ కూర్చోబెట్టి ఇద్దరు కుర్రాళ్లు వడ్డిస్తే చాలు. ప్రతి వంటకం ముందూ పెద్ద అక్షరాలతో చీటీ పెట్టు: ఉప్పు తక్కువ, చక్కెర లేదు, గింజలున్నాయి. మంచినీళ్లు అడిగేదాకా ఆగకు, గంటకోసారి గ్లాసు చేతికివ్వు. మందు పోసే అలవాటుంటే కొలత తగ్గించు. వయసుతో ఒంట్లో నీటిశాతం తగ్గుతుంది కాబట్టి అదే గ్లాసు ఇప్పుడు ఎక్కువ ఎక్కుతుంది, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లకైతే అది ప్రమాదం.

తిన్న గంటా రెండు గంటల్లో చాలామంది పెద్దవాళ్లకు బీపీ పడిపోతుంది. చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని నిలబడే పనులన్నీ, గ్రూప్ ఫోటోతో సహా, భోజనానికి ముందే అయిపోవాలి. ఫోటో చివర్లో అనుకుంటే ఎలాగూ నలుగురు వెళ్లిపోయి ఉంటారు. ఎవరైనా తూలితే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టండి, ఒక నిమిషంలో తేరుకోకపోతే అంబులెన్సుకు ఫోన్ చేయండి. ఇంటి చిరునామా, అత్యవసర నంబరు కాగితం మీద రాసి గోడకు అంటించు. కంగారులో సొంత ఇంటి నంబరు కూడా నోటికి రాదు.

పనులు పంచే దగ్గర చాలామంది తప్పు చేస్తారు. "కాస్త సాయం చెయ్" అంటే అది పని ఇవ్వడం కాదు, నీ పనికి ఇంకో మనిషిని తోడు పెట్టుకోవడం. ఒక పని మొత్తంగా ఇచ్చెయ్యి. ఒకరికి కుర్చీలూ లైట్లూ, ఒకరికి పిలుపులూ ఫోన్లూ, ఒకరికి నీళ్లూ పానీయాలూ, ఒకరికి డబ్బు. ఇచ్చాక వెనకాల తిరిగి సరిచేయకు. నీ లెక్కలో సరిగ్గా లేకపోయినా వదిలెయ్యి, రెండోసారికి వాళ్లే నేర్చుకుంటారు. నువ్వు ఒక్కసారి సరిచేస్తే మరుసటి ఏడాది ఆ పని తిరిగి నీ నెత్తినే పడుతుంది. డబ్బు విషయానికొస్తే అందరూ సమానంగా వేసుకోండి, అందరిలోకీ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు బరువు కానంత. లెక్క వారంలోపు గ్రూపులో పెట్టించు.

మతిమరుపు మొదలైన స్నేహితుణ్ణి పిలవడం మానకు. వచ్చేవాళ్లందరికీ ముందే చెప్పు, "నేనెవరో చెప్పుకో చూద్దాం" అన్న మాట ఆ రోజు ఎవరి నోటా రాకూడదు. చెప్పలేకపోయినప్పుడు ఆ ముఖం వాడిపోవడం చూడలేం. ఎదురుగా వచ్చి, కళ్లలోకి చూసి, ముందు మన పేరు మనమే చెప్పాలి. అందరి చొక్కాలకూ బొటనవేలంత ఎత్తు అక్షరాలతో పేరు చీటీ పెడితే ఆయనొక్కడిదే లోపంగా కనబడదు. అదే ముచ్చట నాలుగోసారి చెప్పినా మొదటిసారి విన్నట్టే వినండి. గుంపు ఎక్కువయ్యేసరికి చిరాకు పడతాడు కాబట్టి ముందుగా రప్పించి, పక్కగదిలో ఒక కుర్చీ సిద్ధంగా ఉంచి, రెండు గంటల్లో పంపెయ్యి. ఆయన్ని చూసుకునే భార్యకు ఆ రెండు గంటలూ సెలవు. ఆయన పక్కన ఎవరు ఎంతసేపు కూర్చోవాలో పేర్లు ముందే రాసుకోండి, ఆవిడను వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

పోయినవాళ్ల పేరు ఎత్తడానికి భయపడొద్దు. భోజనానికి ముందు అయిదు నిమిషాలు కేటాయించి, పేర్లు చదివి, ఒక్కొక్కరి గురించి ఒక్క ముచ్చట చెప్పుకుని భోజనానికి కూర్చోండి. రోజంతా ఎవరూ ఆ పేరే తలవకపోతే వచ్చిన భార్యకో భర్తకో అంతకన్నా పెద్ద దెబ్బ లేదు. మొదటి ఏడాది అందరూ గుర్తుపెట్టుకుని వాళ్లను పిలుస్తారు, రెండో ఏడాదే పిలుపు తప్పిపోతుంది. ఎవరు తీసుకొస్తారో, ఎవరు దింపుతారో కూడా ఫోన్‌లోనే చెప్పు.

ముందురోజు రాత్రికి కుర్చీలు, బల్లలు సర్దేసి ఉండాలి. ఆ రోజు ఉదయం 10 నుంచి 10:45 వరకు నువ్వూ మరదలూ నడుం వాల్చాలి, ఏ పని మిగిలినా సరే. అందరూ వెళ్లాక తిండి మాత్రం ఫ్రిజ్‌లోకి సర్దండి. గిన్నెలు, బల్లలు రేపటికి. అలసిన ఒంటితో బల్లలు మోస్తేనే నడుం పట్టేది. పార్టీ అయిన మూడు రోజులకు కూడా అలసట తీరకపోతే, ఆ ఏడాదే ఇంకో ఇల్లో, నేల అంతస్తులో ఉన్న హాలో చూడటం మొదలుపెట్టు. హాలైతే కారు ఆగేచోటు నుంచి గుమ్మం ఎన్ని అడుగులో, బాత్‌రూమ్ అదే అంతస్తులో ఉందో లేదో, చప్పట్లు కొడితే గది మోగుతుందో లేదో చూసుకో. నీ తర్వాత ఈ బాధ్యత తీసుకోబోయేవాళ్లతో రెండేళ్లు నీ పక్కనుంచి చేయించి, మూడో ఏడు పూర్తిగా అప్పజెప్పు.

ఒక నోటుబుక్కు పెట్టు. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఏది ఎంత వండారు, ఎంత మిగిలింది, ఎవరు ఏది తినకూడదు, ఏ బల్ల ఎక్కడ వేశారు, అన్నీ రెండు రోజుల్లోపే రాసెయ్యి. ఆ వారంలోనే రాలేనివాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యి. వచ్చినవాళ్ల పేర్లు పుస్తకంలోంచి చదివి వినిపించు, వాళ్ల గురించి ఎవరేం అడిగారో చెప్పు, వచ్చే ఏటి రెండో శనివారం ఏ తేదీన పడుతుందో చెప్పి రాసుకోమను.

ఆశీస్సులతో,
అన్నయ్య