మైదాను గ్రాముల్లో తూస్తారు, మీ గంటల మాటేమిటి?

ప్రశ్న: నేను ఒక రెస్టారెంట్‌లో పేస్ట్రీ షెఫ్‌ని. వయసు 34. ఉదయం ఐదింటికి డ్యూటీ ఎక్కితే దిగేసరికి మధ్యాహ్నం నాలుగవుతుంది. జీతం కాక టిప్పుల్లో వాటా, సీజన్‌లో ఓవర్‌టైమ్ వస్తాయి. సెలవు రోజున ఇంట్లో కేకుల ఆర్డర్లు చేస్తున్నాను. ఒక్కో కేకు మీద సగానికి పైగా మిగులుతోంది. ఐదు నెలల జీతమంత పొదుపు ఉంది, క్రెడిట్ కార్డు మీద కొంత బాకీ కూడా ఉంది. పెద్ద మిక్సర్, క్రోసాన్ల (వెన్న పొరల రొట్టెల) కోసం పిండిని సమంగా వత్తే డో షీటర్, అరల డెక్ ఓవెన్ కొనడానికి 12 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పు దొరుకుతోంది. తీసుకుని, రెండేళ్లలో ఉద్యోగం మాని సొంత షాపు పెట్టాలని ఉంది. చేయవచ్చా? ఈ మధ్య కుడి మణికట్టు నొప్పి పెడుతోంది, అదొక్కటే దిగులు.

జవాబు: అప్పు ఇప్పుడు వద్దు. షాపు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ ‘సగానికి పైగా’ అన్న మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే మీ ఆలోచనంతా దాని మీదే నిలబడి ఉంది.

మీరు పంపిన వివరాలను ఒక కొలతకు తెచ్చుకుందాం. మామూలు పుట్టినరోజు కేకు అమ్మకం ధరను 100 అనుకోండి. చాక్లెట్, వెన్న, క్రీము, గుడ్లు, మైదా, చక్కెర కలిపి 38. మీరు ఇక్కడే ఆగిపోయి 62 మిగిలిందన్నారు. డబ్బా, కింది అట్ట, రిబ్బను 7. కరెంటు 5. ఇంటికి చేర్చడానికి 6. అంటే ఖర్చు 56, చేతికి మిగిలేది 44.

ఇప్పుడు గడియారం చూడండి. కేకు మీద ఏ బొమ్మ, ఏ రంగు, పేరు ఏ అక్షరాల్లో అని ఫోనులో తేల్చుకోవడానికి అరగంట. సరుకులకు ముప్పావు గంట. స్పాంజి, ఫిల్లింగు గంటన్నర. క్రీము పూత, అలంకరణ గంటా నలభై ఐదు నిమిషాలు. గిన్నెలు, బల్ల శుభ్రం చేయడం అరగంట. అప్పగించి రావడం ఇంకో అరగంట. మొత్తం ఐదున్నర గంటలు. 44ను దీంతో భాగిస్తే గంటకు 8. ఇదే కొలతలో మీ ఉద్యోగం జీతం గంటకు 12 పడుతోంది, అదీ రోజుకు పదకొండు గంటలు లెక్కేస్తే. సెలవు రోజున, నడుము వాల్చాల్సిన పూట, మీరు మీ జీతంలో మూడింట రెండు వంతులకే పని చేస్తున్నారన్నమాట.

రెస్టారెంట్‌లో వెనిల్లా కాయ ఒకటి ఎక్కువ పడితే ఊరుకునే మనిషి కాదు మీరు. ఆ తక్కెడలో మీ గంటలను మాత్రం ఎప్పుడూ పెట్టలేదు.

ఇంటి వంటగదిలో కంటికి కనబడని ఖర్చులు ఇంకా ఉంటాయి. పేస్ట్రీ క్రీముకు పచ్చసొనలు వాడితే తెల్లసొనలు మిగులుతాయి. రెస్టారెంట్‌లో మరుసటి రోజు అవి మెరాంగులోకో మాకరాన్లలోకో వెళ్లిపోతాయి. ఇంట్లో డబ్బాకెక్కి ఫ్రీజరులో కూర్చుంటాయి, చివరికి ఒకరోజు చెత్తబుట్టలోకి వెళతాయి. డార్క్ చాక్లెట్ టెంపరింగ్ (మెరుస్తూ గట్టిపడేలా వేడి చేసి చల్లార్చడం) సంగతీ అంతే. 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27-28కి దించి, మళ్లీ 31-32కి తెచ్చి పని చేయాలి. గది వేడిగా ఉంటే ఆ కాస్త తేడాకే చాక్లెట్ మీద తెల్లని చారలు వస్తాయి. అప్పుడు మళ్లీ మొదటికి. రెస్టారెంట్‌లో ఆ చల్లదనానికి డబ్బు యజమాని కడతాడు. ఇంట్లో కట్టేది మీరే, అది ఏ కేకు ఖాతాలోనూ పడటం లేదు.

దీనికి మందు ఏమిటి? రెండు దారులున్నాయి. ఒకటి ధర. ఐదున్నర గంటలకు 12 చొప్పున 66, ఖర్చు 56, కలిపి 122. అంటే ఇప్పుడు 100కి అమ్ముతున్నది 122కి అమ్మితే మీ ఉద్యోగంతో సమానమవుతుంది, అంతే. లాభమన్నది ఇంకా మొదలే కాలేదు. రెండోది ఒకే రకం ఆర్డర్లను ఒకే రోజుకు కలపడం. ఒకే రోజున ఒకే రుచి, ఒకే సైజు కేకులు రెండు చేస్తే పదకొండు గంటలు పట్టవు. ఒకే బ్యాచ్ స్పాంజి, ఒకే క్రీము, ఒక్కసారే బల్ల తుడవడం. ఏడున్నర గంటల్లో తేలితే, రెండింటి మీద మిగిలే 88ని భాగిస్తే గంటకు 11.7 వస్తుంది. కొత్త మిషను ఒక్కటీ కొనకుండానే జీతానికి దాదాపు సమానమయ్యారు. నా ఓటు ఈ రెండో దారికి, దాంతో పాటు కొంచెం ధర పెంపుకు. నాలుగు రుచులు మాత్రమే పెట్టుకోండి. సగం డబ్బు ముందే తీసుకోండి. ‘మా పాపకు యునికార్న్, కానీ నీలం రంగులో, కానీ మరీ నీలం కాదు’ అనేవారికి నవ్వుతూ నమస్కారం పెట్టండి.

ఇక మిషన్లు. మీ ఐదున్నర గంటల్లో పెద్ద మిక్సర్ ఆదా చేసేది ఎంత? పిండి కలిపే పది, పదిహేను నిమిషాల్లో కొంత. మీ సమయం తినేస్తున్నవి అలంకరణ, శుభ్రం చేయడం, ఫోను మాటలు. వాటిని ఏ మిక్సరూ తగ్గించదు. షీటర్ క్రోసాన్లకు పనికొస్తుందన్నారు. నిజమే, వత్తడం తేలికవుతుంది, వెన్న పొర సమంగా పరుచుకుంటుంది. కానీ మూడు మడతలు మూడుసార్లు వేస్తే వచ్చే 27 వెన్న పొరల కోసం, మడతకూ మడతకూ మధ్య పిండిని ఫ్రిజ్‌లో అరగంటైనా ఉంచాలని మీకే బాగా తెలుసు. షీటర్ ఉన్నా ఆ అరగంట అరగంటే. మీ ఇంట్లో అడ్డం పడేది ఫ్రిజ్‌లో చోటు. పైగా క్రోసాన్లు మీరు రోజూ అమ్మడం లేదు కదా.

ఇంతా చేసి, 12 శాతం వడ్డీతో ఐదేళ్ల అప్పు అంటే 100 తీసుకుని సుమారు 133 తిరిగి కట్టాలి. అదే మూడేళ్లయితే 120 దగ్గర తేలుతుంది కానీ నెలవారీ వాయిదా బరువెక్కుతుంది. గంటకు 8 సంపాదించే పని మీద ఈ బరువు పెడితే వాయిదా కట్టేది కేకులు కాదు, మీ జీతం. మీ యజమానిని అడిగి చూడండి. సాయంత్రం పేస్ట్రీ విభాగం ఖాళీగా ఉండే వేళల్లో ఆ ఓవెన్, షీటర్ అద్దెకు ఇవ్వడానికి ఒప్పుకుంటారేమో. ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. అడిగే ముందు మీ ఉద్యోగ ఒప్పందంలో బయటి పని గురించి ఏముందో ఒకసారి చదవండి, లేకపోతే అడిగి ఇరుక్కున్నట్టవుతుంది.

క్రెడిట్ కార్డు బాకీ గురించి రెండు ముక్కలు. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 కాదు, వడ్డీ మీద వడ్డీ కలిసి 42.6 శాతం. మీ కార్డు రేటు దీనికి దగ్గరగా ఉంటే పొదుపులోంచి తీసి ఈ వారమే తీర్చేయండి. చేతిలో పొదుపు పెట్టుకుని ఆ వడ్డీ కట్టడానికి నాకు ఏ కారణమూ కనబడదు.

తీర్చాక మిగిలింది అత్యవసర నిధి. మామూలు ఉద్యోగికి మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు చాలంటారు. మీకు ఆరుకు తగ్గకూడదు. రెస్టారెంట్‌కు గడ్డుకాలం వస్తే తందూరు దగ్గరో గ్రిల్ దగ్గరో మనిషిని తీసేయడం కష్టం, డెజర్ట్‌ను బయట నుంచి తెప్పించుకోవడం సులువు. మీ విభాగం ఎంత అందంగా ఉన్నా యజమాని లెక్కల పుస్తకంలో దాని చోటు అది. గత పన్నెండు నెలల జీతం చీటీలు ముందేసుకుని, టిప్పులు, ఓవర్‌టైమ్ తీసేసి అతి తక్కువగా వచ్చిన నెల ఏదో చూడండి. ఇల్లు ఆ మొత్తంలో నడవాలి. టిప్పులు, ఓవర్‌టైమ్, కేకుల డబ్బు వేరే ఖాతాలో పడాలి. సీజన్ నెలలో చేతినిండా ఆడిన డబ్బును చూసి వాయిదాల మీద వస్తువులు కొనడం వంటగదుల్లో పని చేసేవారిలో నేను తరచూ చూసే జబ్బు.

మణికట్టు మాట మీరు చివర్లో తేల్చేశారు. నాకైతే ఉత్తరంలో అదే ముఖ్యం. క్రీముతో అలంకరించే పైపింగ్ బ్యాగును గంటలకొద్దీ పిండేవారికి మణికట్టులోని సన్నని దారిలో వెళ్లే నరం నలిగి, బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కడం కద్దు. దాన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మీది అదో కాదో డాక్టరు చెప్పాలి. మైదా దుమ్ముతో వచ్చే ఉబ్బసం ఇంకొకటి. రొట్టెలు చేసేవారి శ్వాస జబ్బుల గురించి ఇటలీ వైద్యుడు రమజ్జీనీ 1700లోనే రాశాడు, అంటే ఇది కొత్త సంగతేమీ కాదు. బరువైన ట్రేలు, గట్టి నేల మీద పదకొండు గంటల నిలబాటు, నడుము, మోకాళ్లు, వీటన్నిటినీ కలుపుకుంటే 60 ఏళ్ల దాకా ఇదే వేగంతో ఇదే పని చేస్తారని నేను ప్రణాళిక వేయలేను. 50 దగ్గర చేతిపని తగ్గి, నేర్పించే పనో, మెనూ రూపొందించే పనో, అజమాయిషీ పనో చేసేలా ఆలోచిస్తాను. అంటే పెద్ద పొదుపుకు మీకున్నది పదహారేళ్లు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు ఖర్చు రెట్టింపవుతుంది. కాబట్టి ఈ నిధిని పొదుపు ఖాతాలో పడుకోబెట్టవద్దు. జీతంలో ఆరో వంతుతో మొదలుపెట్టి దీర్ఘకాలిక పెట్టుబడిలోకి, జీతం పడిన రోజే వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి.

బీమా విషయంలో ఒక జాగ్రత్త. ప్రమాద బీమా ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది మరిగే పాకం మీద పడితే పలుకుతుందేమో కానీ, ఏళ్ల తరబడి అరిగిన మణికట్టును సాధారణంగా ప్రమాదం అనదు. పని చేయలేనప్పుడు ఆదాయం ఇచ్చే పాలసీ దొరికితే అందులో ఒక్క వాక్యం వెతకండి. ‘మీ సొంత వృత్తి చేయలేకపోతే’ అని ఉందా, ‘ఏ పనీ చేయలేకపోతే’ అని ఉందా? రెండో రకంలో, పైపింగ్ చేయలేని షెఫ్ కౌంటరులో బిల్లు కొట్టగలిగితే చాలు, పైసా రాదు. దరఖాస్తులో ఇప్పటి నొప్పిని దాచవద్దు. దాచినట్టు తేలితే క్లెయిము తిరస్కరించడానికి అదొక్కటే చాలు.

షాపు గురించి ఇప్పటికి ఒక్క లెక్క ఇస్తాను. ఒక పేస్ట్రీని 100కి అమ్మితే సరుకు, డబ్బా పోను 65 మిగులుతుందనుకుందాం. అద్దె, జీతాలు, కరెంటు, వాయిదా కలిపి నెలకు 1,30,000 అయితే, నెలకు 2,000 పేస్ట్రీలు అమ్మితేనే ఖర్చు తేలుతుంది. 26 రోజులు తెరిస్తే రోజుకు 77. ఇందులో మీ జీతం లేదు. సాయంత్రానికి ఎనిమిది మిగిలిపోయి పారేస్తే, ఆ 280 నష్టం పూడ్చడానికి ఇంకో నాలుగైదు అమ్మాలి. వాన పడ్డ రోజున ఎన్ని మిగులుతాయో నాకన్నా మీకే తెలుసు.

ముందుగా డాక్టరును చూడండి, కార్డు తీర్చేయండి. తర్వాత వచ్చే మూడు నెలల ఆర్డర్లకు, ఫోను మోగినప్పటి నుంచి కేకు అప్పగించే దాకా ప్రతి నిమిషం ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. గంటకు మిగిలేది మన మొదటి కొలతలో 15 దాటితే ఆ నోటుబుక్కు కాగితాలు, ఓవెన్ కొటేషను కలిపి నాకు పంపండి. మిక్సర్, షీటర్ పక్కన పెట్టి, ఒక్క ఓవెన్‌కు చిన్న అప్పు సంగతి అప్పుడు చూద్దాం.