వాపసు తీసుకునే కొట్టు

చిరంజీవి అమ్మడికి, మావయ్య ఆశీస్సులు.

అమెరికాలో, అట్లాంటా దగ్గరి అల్ఫరెటాలో చీరల కొట్టు పెడుతున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన బిల్లు నమూనా చూశాను. అన్నీ బాగున్నాయి కానీ, అడుగున ఉన్న "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న లైను తీసేయమ్మా. చిన్నప్పటి నుంచి బట్టల కొట్లలో ఆ బోర్డు చూస్తూ పెరిగాం కాబట్టి, అది లేకపోతే నష్టపోతామని మనకి భయం. నువ్వు కొట్టు పెడుతున్న అట్లాంటా ప్రాంతంలోనే దానికి పూర్తి భిన్నంగా నడిచి, నూరేళ్లకు పైగా నిలిచిన కొట్టు ఒకటి ఉండేది. పేరు రిచ్స్.

దాన్ని పెట్టిన మోరిస్ రిచ్ హంగేరీ నుంచి వచ్చిన యూదుడు. చిన్న వయసులోనే అమెరికా చేరి, మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. 1867లో అన్న విలియం దగ్గర 500 డాలర్లు అప్పు తీసుకుని వైట్‌హాల్ వీధిలో చిన్న కొట్టు తెరిచాడు. అంతకు మూడేళ్ల ముందే అంతర్యుద్ధంలో అట్లాంటా తగలబడిపోయింది. జనం చేతిలో నగదు లేదు. అలాంటప్పుడు కోళ్లు, గుడ్లు, మొక్కజొన్న తెచ్చినా తీసుకుని బట్ట ఇచ్చేవాడని చెబుతారు. వాపసు తెచ్చిన సరుకు గురించి వాదించకుండా తీసుకోవడం ఆ కొట్టుకి పెద్ద పేరు తెచ్చింది. తమ దగ్గర కొననిది కూడా తీసుకున్నారని అక్కడి పాతవాళ్లు కథలుగా చెబుతారు.

మోరిస్ పోయాక కూడా జనాన్ని నమ్మే ఆ పద్ధతి పోలేదు. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో టీచర్లకు జీతాలివ్వడానికి డబ్బు లేక, నగరపాలక సంస్థ తర్వాత డబ్బిస్తామనే హామీ కాగితాలు చేతిలో పెట్టింది. రిచ్స్ వాటికి పూర్తి విలువ కట్టి నగదు ఇచ్చింది, మా దగ్గర కొనాలన్న షరతు కూడా పెట్టలేదు. ఆ టీచర్లు ఆ తర్వాత బట్టలు ఇంకెక్కడ కొంటారు చెప్పు?

నువ్వు అంత దూరం వెళ్లక్కర్లేదు. పద్నాలుగు రోజులు గడువు పెట్టు, ట్యాగు ఉండాలి, ఫాల్ కుట్టి ఉండకూడదు, జాకెట్టు ముక్క కత్తిరించి ఉండకూడదు. శనివారం ఫంక్షన్‌కి కట్టి సోమవారం తెచ్చేవాళ్లుంటారు, నిజమే. భుజం దగ్గర, కుచ్చిళ్ల దగ్గర చీరని వెలుతురుకి పట్టి చూడు. పిన్నీసు గుచ్చిన సన్నటి చిల్లులు, లోపలి మడతలో పసుపు మరక, అగరొత్తుల వాసన ఉంటే తెలిసిపోతుంది. అప్పుడు కూడా నలుగురిలో నిలదీయకు, పక్కకి పిలిచి మెల్లగా చెప్పు. ఇలాంటి ఒకరిద్దరి కోసం మిగతా అందరినీ అనుమానించడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఆ నష్టం కోసం నెలనెలా కొంత పక్కన పెట్టుకో.

ఆ కొట్టు చరిత్రలో నన్ను బాధపెట్టే విషయం కూడా ఉంది. నల్లజాతివారికి బట్టలు అమ్మేవారు కానీ, అక్కడి భోజనశాలలో కూర్చోనిచ్చేవారు కాదు. 1960 అక్టోబరులో విద్యార్థులతో కలిసి అక్కడికి వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్‌ని అరెస్టు చేశారు. జనం రిచ్స్‌ని బహిష్కరించారు, మరుసటి ఏడాది ఆ నియమం మార్చక తప్పలేదు. డబ్బు తీసుకున్న చేత్తోనే మనిషిని దూరంగా నెట్టడం ఎంత తప్పు! మన పెళ్లికి పిలుపు అందుకుని, చీర కట్టడం తెలియని అమెరికన్ అమ్మాయి నీ కొట్టుకి వస్తుంది. పక్కన తెలుగు పెద్దావిడ ఉన్నా, ముందొచ్చినవాళ్లనే ముందు చూడు. ఆ అమ్మాయికి కుచ్చిళ్లు పెట్టి చూపించడానికి ఒక మనిషిని పెట్టుకో.

ఇక డబ్బు సంగతి. మోరిస్ అన్న దగ్గర అప్పు తీసుకున్నాడు. తర్వాత సోదరులు ఇమాన్యుయెల్, డేనియెల్ కూడా చేరి, కొట్టు పేరు 'ఎం. రిచ్ అండ్ బ్రదర్స్' అయింది. నీ తమ్ముడు ఇచ్చేది అప్పా, వాటానా? ఇంట్లో ఇలాంటివి అడగడానికి మొహమాటపడతాం. వాడు శనాదివారాలు కొట్లో కూర్చుంటే దానికి జీతం ఎంతో కూడా మాట్లాడుకోండి. లీజు మీద సంతకం పెట్టకముందే ఇదంతా కాగితం మీద రాసుకుని, అక్కకి ఒక కాపీ, నాకొక కాపీ పంపు.

మీ మావయ్య