ఎర్ర ఇటుకా, ఏఏసీ బ్లాకా: ముందు గోడ లెక్క వేయండి

ప్రశ్న: బోడుప్పల్‌లో 150 గజాల స్థలంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకోబోతున్నాం. 35 లక్షల గృహరుణం మంజూరైంది. పునాది ఇంకా తీయలేదు. మేస్త్రి ఎర్ర ఇటుకే మేలంటున్నారు, మా బావమరిది ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు బ్లాకులు) వాడమంటున్నారు. ఇటుక 9 రూపాయలు, నాలుగంగుళాల బ్లాకు 52 రూపాయలు చెప్పారు. బ్లాకుల కోసం 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేయవచ్చా?

జవాబు: 9 రూపాయల ఇటుక పక్కన 52 రూపాయల బ్లాకు ఎవరికైనా భారంగానే తోస్తుంది. అయితే 600 మిల్లీమీటర్ల పొడవు, 200 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే ఆ బ్లాకు, గోడలో 9×4×3 అంగుళాల ఇటుకలు దాదాపు ఆరింటి చోటు నింపుతుంది. వంద చదరపు అడుగుల నాలుగంగుళాల గోడకు ఇటుకలు సుమారు 450, బ్లాకులు సుమారు 78 పడతాయి. మీకు చెప్పిన ధరల్లో ఇటుకలకు 4,050, బ్లాకులకు 4,056 రూపాయలు. రవాణా, దింపుడు కూలీ, విరిగిన సరుకు లెక్క కలిపి ఇటుకలమ్మేవారినీ, బ్లాకులమ్మేవారినీ మళ్లీ ధర అడగండి.

అసలు తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఇటుకల మధ్య సుమారు 10 మిల్లీమీటర్ల మందాన సిమెంటు మాలు పడితే, బ్లాకులకు 3 మిల్లీమీటర్ల జిగురు మాలు సరిపోతుంది. బ్లాకు అంచులు సమంగా ఉంటాయి గనుక ప్లాస్టరింగ్ కూడా పలుచగా వేయవచ్చు. ఇటుకలను కట్టే ముందు నానబెట్టాలి, కట్టిన గోడను రోజూ తడపాలి. వేసవిలో ట్యాంకరు కొని పని నడిపేవారికి ఇది చిన్న ఖర్చు కాదు.

ఎర్ర ఇటుక ఘనమీటరుకు 1,600 నుంచి 1,900 కిలోలు తూగితే, ఏఏసీ సాధారణంగా 550 నుంచి 650 కిలోలే ఉంటుంది. ఈ తేలికదనం వల్ల స్టీలు ఆదా కావాలంటే, స్ట్రక్చరల్ ఇంజినీరు బ్లాకుల బరువునే లెక్కలోకి తీసుకొని పునాది, పిల్లర్లు, బీములు గీయాలి. ఇటుక కోసం గీసిన డ్రాయింగుతో కట్టి, చివర్లో బ్లాకులు పెడితే ఆ ఆదా రాదు. పునాది తీయకముందే మీరు అడగడం నిజంగా మంచిదైంది.

నా మొగ్గు బ్లాకులవైపే, కానీ ఒక షరతు మీద. మీ మేస్త్రి బ్లాకులతో కట్టిన, కనీసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచిన ఇంటికి వెళ్లి, పిల్లరూ గోడా కలిసే గీతను దగ్గరగా చూడండి. అక్కడ వల లాంటి జాలీ వేయకుండా ప్లాస్టరింగ్ చేస్తే వెంట్రుకంత పగులు నిలువునా కనిపిస్తుంది. తర్వాత దాన్ని పూడ్చి రంగులు వేయించే ఖర్చు మీదే. అలాంటి ఇల్లు చూపించలేకపోతే, ఆయన చేయి తిరిగిన ఎర్ర ఇటుకతోనే కట్టించుకోండి. అప్పుడు లారీ సరుకు తెప్పించేముందే ఐదు ఇటుకలు తెచ్చి తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. 3 కిలోల పొడి ఇటుక 3.6 కిలోలు దాటితే ఆ సరుకు వద్దనండి.

బ్లాకుల కోసం డిపాజిట్ మాత్రం కదపకండి. స్వయంగా కట్టుకునే ఇంటికి బ్యాంకు రుణాన్ని దశలవారీగా, జరిగిన పనిని చూసి విడుదల చేస్తుంది. స్లాబ్ పూర్తయి తర్వాతి విడత అందేలోగా కూలీలకు వారంవారం ఇవ్వవలసింది ఆ 3 లక్షల్లోంచే.